ఎలుక చేను నడిమధ్యనే ఎందుకు కొడుతుంది?

గట్టు మీద నిలబడి చూస్తే చేను నిండుగా కనిపిస్తుంది. నాలుగు వరసలు దాటి లోపలికి అడుగు పెడితే గుండె జారిపోతుంది. నడిమధ్యన మంచం పట్టేంత మేర పిలకలు పడిపోయి ఉంటాయి. ఒక్కొక్క పిలక కొడవలి పెట్టినట్టు ఏటవాలుగా తెగి ఉంటుంది. అమలాపురం వైపు గానీ, రాజోలు, కొత్తపేట వైపు గానీ వరి వేసే రైతుకు ఇది కొత్త కాదు. "మన కంట పడకుండా ఎంత తెలివిగా కొట్టిందో చూశారా!" అనుకుంటాం.

అసలు సంగతి వేరు. మీరు గట్టు మీంచి చూస్తారని ఎలుకకు తెలియదు. దాని భయం గుడ్లగూబ, జంగపిల్లి, నక్క, పాము. గట్టు వార బయలులో కూర్చుని తిన్న ఎలుకలు వేల తరాలుగా ముందు దొరికిపోయాయి. దుబ్బుల చాటున, నాలుగు వైపులా మరుగున్న చోట తిన్నవి బతికి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లల పిల్లలే ఇవాళ మీ చేలో ఉన్నవి. ఎవరూ నేర్పకుండానే వాటికి నడిచేను ఇష్టం, గట్టు వార భయం. 1859లో డార్విన్ పుస్తకం వేసి చెప్పిన ప్రకృతి వరణం అనే మాటకు అర్థం ఇంతే. మన చేలో జరుగుతున్నదీ అదే.

ఇదంతా రైతుకు ఎందుకంటారా? ఎలుకకు ఉన్న అలవాట్లన్నీ ఏదో ఒక అవసరం కొద్దీ వచ్చినవే. ఆ అవసరం ఏమిటో తెలిస్తే, అది ఎప్పుడు ఎక్కడ మన చేతికి చిక్కుతుందో తెలుస్తుంది. తెలియకపోతే ఏటా మందు కొంటూనే ఉంటాం, ఏటా చేను కొట్టించుకుంటూనే ఉంటాం.

నష్టం ఎవరిదో కూడా చూద్దాం. ఎకరాకు ముప్పై బస్తాలు పండే చేను, అందులో పదిహేను కౌలు, పెట్టుబడి కింద పది బస్తాల ఖరీదు అనుకోండి. ఎలుకలు మూడు బస్తాలు కొట్టాయి. పంట లెక్కన పదో వంతే పోయింది. అయితే భూమి గలాయనకు ఇవ్వాల్సిన పదిహేను పదిహేనే. దుకాణంలో అప్పు అప్పే. కౌలు రైతుకు మిగలాల్సింది ఐదు బస్తాలు, అందులో మూడు ఎలుక తిన్నది. పదో వంతు అన్న మాట కాగితం మీద చిన్నదే, ఆ ఇంట్లో మాత్రం అది సగానికి పైగా పోయినట్టు.

తోక చూసి వృత్తి చెప్పవచ్చు

మన వరి చేలలో ఎక్కువ నష్టం చేసేది పొట్టి తోక, బరువు ఒళ్ళు, మొరటు బొచ్చు ఉన్న ఎలుక. కొందరు నల్ల ఎలుక అంటారు, కొందరు పందికొక్కు పిల్ల అనుకుంటారు. ఇది తవ్వే జాతి. గట్టులో బొరియ చేసుకుని మూతి దగ్గర కొత్త మట్టి కుప్ప పోస్తుంది, పగలు లోపల ఉండి మూతిని మట్టితో మూసుకుంటుంది. కొబ్బరి చెట్టు మీదుండేది వేరు. దాని తోక ఒంటి కంటే పొడుగు. మట్ట మీద నడిచేటప్పుడు ఒరిగిపోకుండా ఆ తోకే ఆసరా. తవ్వేదానికి చెట్టు మీద పని లేదు, చెట్టెక్కేదానికి గట్టు అక్కర్లేదు. ఒకే మందును ఒకే చోట పెట్టి రెండింటినీ చంపుదామంటే కుదరదు.

నల్ల ఎలుక ఒంటరి జీవి. ఒక బొరియలో ఒక పెద్ద ఎలుక, లేదంటే తల్లీ పిల్లలు. జత కట్టి మళ్ళీ ఎవరి దారి వారిదే. ఒక బొరియకు నాలుగైదు కన్నాలుంటాయి గనుక కన్నాలు లెక్కపెట్టి ఇన్ని ఎలుకలు అనుకోకండి. సాయంత్రం అన్ని కన్నాలూ మట్టితో మూసి, తెల్లవారి ఎన్ని తెరుచుకున్నాయో చూడండి. తెరుచుకున్న చోటే పని. మిగతా వాటిలో మందు వేస్తే డబ్బు దండగ.

ఎలుక పళ్ళు ఎప్పుడూ పెరుగుతాయి కాబట్టి అరగదీసుకోవడానికే కొరుకుతుందని మన పెద్దలు చెబుతారు. పళ్ళు పెరగడం నిజం. కాని పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకదానితో ఒకటి రాసుకున్నా అరుగుతాయి, అందుకు మన వరే కొట్టనక్కర్లేదు. దానికి కావలసింది పిలక మొదట్లో ఉండే లేత తీపి గుజ్జు, తరవాత గింజ. గింజ పండే రోజుల్లో వెన్నులు కోసి బొరియలో దాచుకుంటుంది. కోతలయ్యాక చేలు బోసిపోతాయి కదా, ఆ ఆకలి రోజులకు అన్నమాట. గట్లు తవ్వి ఆ వెన్నులు ఏరుకుని గంజి కాచుకున్న పేద కుటుంబాలను చూసినవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు.

మన పంటకాలమే దాని కాన్పుకాలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యే దాకా ఈ నేలకు వానే దిక్కు. వాన పంట ఒకటి, ఆ తరవాత ఎండు నెలలు. అలాంటి చోట ఎలుక ఏడాదిలో కొంతకాలమే పిల్లల్ని పెడుతుంది, మిగతా కాలం ప్రాణం నిలుపుకోవడమే సరిపోతుంది. కాలువ నీళ్ళొచ్చాయి. సార్వా అయ్యాక దాళ్వా, దాళ్వా లేని చోట మినుము, పెసర. గట్టు మీద గడ్డి ఏడాది పొడుగునా పచ్చగానే ఉంది. కాటన్ దొర మనకు అన్నం పెట్టాడు, తెలియకుండా ఎలుకకూ ఓ విస్తరి వేశాడు.

ఆడ ఎలుక కాన్పు వరి పొట్ట దశతో ముడిపడి ఉంటుంది. లేత వెన్ను దొరికే రోజుల్లోనే ఎక్కువగా చూలు కడుతుంది. మూడు వారాలు మోసి ఆరు నుంచి ఎనిమిది పిల్లల్ని పెడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పిల్లలు పాలు మానే నాటికి చేలో గింజ గట్టిపడుతూ ఉంటుంది. తల్లికి బలం కావలసినప్పుడు లేత వెన్ను, పిల్లలకు తిండి కావలసినప్పుడు ముదురు గింజ. మనం నారు పోసే తేదీని బట్టి దాని ఇంట్లో పురుళ్ళు జరుగుతున్నాయి.

ఇంకో సంగతి. పిలక వేసే దశలో ఎలుక కొడితే దుబ్బు మళ్ళీ పిలకలు వేసి చాలావరకు సర్దుకుంటుంది. పొట్ట దశలో కొడితే సర్దుకోవడానికి టైము లేదు. మన రైతులు మందు కోసం పరుగెత్తేది మాత్రం సరిగ్గా అప్పుడే, చేను పడిపోవడం కంట పడ్డాక. అప్పటికి చేనంతా దానికి భోజనమే, మీ నూకల పొట్లం ఎవరికి కావాలి? ఆడది అప్పటికే చూలుతో ఉంటుంది.

ఎలుకకు ఆకలి రోజులు ఎప్పుడు? దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు. చేలు ఎండి నెర్రెలిస్తాయి. బతికి ఉన్నవన్నీ కాలువ గట్లలో, డ్రెయిన్ల గట్లలో, అరటి తోటల వారల్లో చేరతాయి. సంఖ్య తక్కువ, ఆకలి ఎక్కువ, ఎక్కడున్నాయో తెలుసు. అప్పుడు చంపిన ఒక ఆడ ఎలుక సార్వా కోతల నాటికి ఎన్నో ఎలుకలతో సమానం. రెండో అదను ఊడ్పులయిన నెల లోపు, పొట్ట దశకు ముందు. ఈ రెండు అదనులూ దాటాక చేసేదంతా మనసు ఊరటకే అని నా అభిప్రాయం.

కడుపులో పెట్టుకునే జంతువు

ఎలుకకు వాంతి రాదు. ఒంటి నిర్మాణమే అలాంటిది. కుళ్ళిన గింజ తిన్నా, విషపు కాయ కొరికినా బయటికి కక్కే దారి లేదు. అలాంటి జంతువు ఏది పడితే అది తింటూ ఎలా బతకగలిగింది? కొత్త తిండిని మొదట రవ్వంతే కొరుకుతుంది. ఒంట్లో తేడా చేస్తే ఆ రుచిని ఇక ముట్టదు. 1955లో అమెరికాలో జాన్ గార్సియా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు దీన్ని పరీక్ష చేసి చూపించారు. రుచికీ జబ్బుకీ మధ్య గంటలు గడిచినా ఎలుక ఆ రెండింటినీ ముడి పెట్టుకుంటుందని తరవాతి పరీక్షల్లో తేలింది. అదే వెలుగు చూపించి, చప్పుడు చేసి, ఆ తరవాత జబ్బు తెప్పిస్తే మాత్రం ముడి పెట్టుకోలేదు. తిండి వల్ల కడుపు చెడుతుంది గాని చప్పుడు వల్ల చెడదు కదా. ఎలుక మెదడు ఆ పాఠానికే తయారై ఉంది.

జింక్ ఫాస్ఫైడ్ పెట్టిన మొదటి రోజు పది చచ్చి, రెండో రోజు నుంచి పొట్లాలు అలాగే ఉండిపోవడం ఇందువల్లే. అది గంటల్లో పని చేసే విషం. సరిపడా తిన్నవి చస్తాయి, రవ్వంత కొరికినవి బాధపడి బతుకుతాయి, ఇక జన్మలో ఆ వాసన దగ్గరికి రావు. చచ్చిన ఎలుక మిగతావాటికి చెప్పిపోతుందని మనవాళ్ళు అంటారు గాని చెప్పేదేమీ లేదు. బతికినది మానేస్తుంది, అంతే. అందుకే రెండు రోజులు మందు లేని నూకలు, నూనె కలిపి పెట్టి అలవాటు చేసి, మూడో రోజున మందు కలిపి ఒక్కసారే పెట్టమంటారు. ఆ రెండు రోజుల నూకలు దండగని మానేసేవారు మూడో రోజు మందు కూడా దండగ చేసుకుంటున్నారు.

బ్రోమోడయోలోన్ తీరు వేరు. తిన్న మూడు నాలుగు రోజులకు గాని పని చేయదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి లోలోపల కారి చస్తుంది. ఇన్నాళ్ళ కిందటి తిండిని ఈ రోజు జబ్బుతో ఎలుక ముడి పెట్టుకోలేదు. దాని చదువులో ఉన్న ఒకే ఒక్క కంతలోంచి మనిషి దూరాడన్నమాట. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లం కట్టి తెరుచుకున్న బొరియలో పెట్టాలి. ముందుగా అలవాటు చేయనక్కర్లేదు.

ఇదీ శాశ్వతం కాదు. ఇదే కోవకు చెందిన వార్ఫరిన్ అనే మందు 1950 ప్రాంతంలో పడమటి దేశాల్లో విరివిగా వాడకంలోకి వచ్చింది. 1958 నాటికే స్కాట్లండులో దాన్ని తిని అరిగించుకునే ఎలుకలు బయటపడ్డాయి. వందలో ఎక్కడో ఒకటి పుట్టుకతోనే తట్టుకునేది ఉంటుంది. మిగతా తొంభై తొమ్మిదినీ మనమే చంపి ఊరంతా దాని సంతానానికి అప్పగిస్తాం. బ్రోమోడయోలోన్ లాంటివి ఆ తరవాత తయారైనవే. అరకొర మోతాదులో, ఏటా ఒకే మందు, అవసరం ఉన్నా లేకున్నా చల్లుకుంటూ పోతే మనమే ఎలుకకు తరిఫీదు ఇచ్చినట్టు.

జాగ్రత్త మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పొట్లం బొరియ లోపలికి పోవాలి, గట్టు మీద పడేయకూడదు. కోతల తరవాత చేలలోకి బాతుల మందలు వస్తాయి, కోళ్ళు, కుక్కలు తిరుగుతాయి, పిల్లలు తిరుగుతారు. మందు వట్టి చేత్తో కలపకండి, వంట గిన్నెలో అసలే వద్దు. పొరపాటున ఎవరైనా తింటే మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె-1 విరుగుడుగా ఉంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు.

శివారు చేను గోడు

ఒక్కరే శుద్ధిగా ఎలుకలు పట్టించి, నెల తిరిగేసరికి మళ్ళీ అంతే ఉంటే ఏమనుకోవాలి? మందు నకిలీదని దుకాణం మీదకు పోతాం. ఒక్కోసారి నకిలీ కావచ్చు కూడా. ఎక్కువసార్లు కారణం వేరు. పెద్ద ఎలుకలు ఒక్కొక్కటీ ఒక్కో జాగా పట్టుకుని ఉంటాయి. ఆ జాగాలు ఖాళీ అయితే పక్క గట్టు మీద చోటు దొరకని పడుచు ఎలుకలు వచ్చి దిగుతాయి. ఇల్లు తయారుగా ఉంది, అద్దె లేదు. ఎలుకకు సర్వే నెంబర్లు తెలియవు. యాభై సెంట్ల రైతు తన యాభై సెంట్లలో చంపితే పక్కవారి ఎలుకలకు చోటు చేసి పెట్టినట్టే అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది శివారు రైతు. ఎగువన నీళ్ళు ముందు వస్తాయి, ఊడ్పులు ముందు అవుతాయి, కోతా ముందు అవుతుంది. కోసిన చేలోంచి ఎలుకలన్నీ ఇంకా పచ్చగా ఉన్న చేలోకి వస్తాయి. మూడు నాలుగు వారాలు ఆలస్యమైన చేను చుట్టుపక్కల ఎలుకలకంతా సత్రం. పైగా ఒక ఆయకట్టులో పొట్ట దశ ఎన్ని రోజులు సాగితే ఎలుకల కాన్పులకు అన్ని రోజులు దొరికినట్టు. అందరూ రెండు వారాల తేడాలో ఊడిస్తే అవి అందరి చేలలోకీ తలా కాసిని పంచుకుంటాయి, పిల్లల సంఖ్యా తగ్గుతుంది. నీటి వంతులు మన చేతిలో లేవన్నది నిజమే. కాని నారు ఎప్పుడు పోయాలన్నది ఒక బోదె కింద పదిమంది రైతులు కూర్చుని మాట్లాడుకోగలరు.

సామూహికంగా ఒకే రోజు మందు పెట్టమని వ్యవసాయ శాఖవారు చెప్పేది ఇందుకే. వశిష్ఠ గోదావరి అవతల మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. స్వర్ణ రకం పుట్టినది అక్కడే. సామూహికం అన్నప్పుడు మన చేలు మాత్రమే కాదు. కాలువ గట్టు, డ్రెయిన్ గట్టు, శ్మశానం, బాట వార పొదలు, ఎవరిదీ కాని ప్రతి గట్టూ ఎలుకకు సొంత ఊరు. అక్కడ పెట్టే పొట్లానికి డబ్బు ఎవరిస్తారన్న దగ్గరే ఈ పని ఏటా ఆగిపోతుంది. ఎకరాల లెక్కన చందా వేసుకుంటే పెద్ద మొత్తమేమీ కాదు. సబ్సిడీ మందు సంగతి ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి ఉంచుకోండి, పొట్ట దశ దాకా ఆగకండి.

మందు మీద నమ్మకం లేనివారికి వెదురు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళు ఉన్నారు. ఎలుకకు గోడ వార, గట్టు వార మీసాలు తగిలేలా ఒకే దారిన పోయే అలవాటు. ఆ దారి చూసి బుట్ట పెట్టడంలోనే వారి పనితనమంతా ఉంది. ఎన్ని పట్టారో మన కళ్ళ ముందు లెక్క తేలుతుంది, విషం భయం లేదు. గట్లు కూడా ఒక అడుగు వెడల్పుకు మించకుండా చెక్కించుకుంటే బొరియకు చోటు చాలదు.

చెట్టు దిగని ఎలుక

కొబ్బరి తోటలో ఆరు నెలల లోపు లేత కాయలు తొడిమ దగ్గర బెజ్జంతో రాలి ఉంటే అది చెట్టు ఎలుక పని. దానికి మొవ్వులోనే ఇల్లు, అక్కడే తిండి, లేత కాయలో నీళ్ళు. మట్టకు మట్ట తగిలే మన తోటల్లో ఒక చెట్టు మీంచి మరో చెట్టు మీదకు నడిచిపోతుంది, నేల మీదకు రావలసిన పనే లేదు. చెట్టు మొదట్లో పెట్టిన మందు దానికి కనబడదు. రెండు మీటర్ల ఎత్తున నలభై సెంటీమీటర్ల రేకు చుట్టడం మంచిదే గాని, అది విడిగా ఉన్న చెట్టుకే పనికొస్తుంది. మట్టలు కలిసే తోటలో రేకు ఖర్చు రేకుకే.

బ్రోమోడయోలోన్ బిళ్ళ పది గ్రాములది అయిదు చెట్లకు ఒక చెట్టు చొప్పున మొవ్వులో పెట్టించాలి. పన్నెండు రోజులకు మరోసారి. అయిదింటికి ఒకటి చాలడానికి కారణం, అది ఒక చెట్టుకు కట్టుబడి ఉండేది కాదు, చుట్టూ ఉన్న చెట్లన్నీ తిరుగుతుంది. మొదటి విడత దింపు రోజునే పెట్టించుకోవచ్చు. రెండో విడతకు మళ్ళీ మనిషిని ఎక్కించాలి, కూలి భారమే. పక్క తోటవారితో కలిసి ఒకే రోజు పెట్టుకుంటే ఒక్కడి మీద పడదు. ఎక్కిన మనిషి చేత ఎండు మట్టలు, పాత గెలల పుల్లలు కూడా తీయించండి, గూడుకు చాటు పోతుంది. కోకో అంతరపంట ఉన్నవారి కాయల్ని కూడా ఇదే ఎలుక కొరుకుతుంది.

అరిస్తే రాయి విసరకండి

గుడ్లగూబ అరిస్తే కీడని రాయి తీసుకుంటాం. పాత గోపురాల్లో, పాడుబడ్డ మేడల్లో ఉండే తెల్ల మొహం గుడ్లగూబకు ఎలుకే ముఖ్యమైన తిండి. దాని రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. చప్పుడు రెండు చెవులకూ చేరడంలో ఉండే కొద్ది తేడాను బట్టి చీకట్లో కూడా ఎలుక ఎక్కడుందో పట్టేస్తుంది. రెక్కల అంచు మెత్తగా ఉండటం వల్ల ఎగిరిన చప్పుడు ఎలుకకు వినపడదు. మింగిన ఎలుక బొచ్చూ ఎముకలూ ఉండగా చుట్టి కక్కేస్తుంది. అది కూర్చునే చోటు కింద ఆ ఉండలు విప్పి చూస్తే ఎన్ని పుర్రెలున్నాయో మీరే లెక్కపెట్టవచ్చు. మలేషియా పామాయిలు తోటల్లో పెట్టెలు కట్టి మరీ దీన్ని పెంచుతున్నారు.

మనం కొబ్బరి మట్టల మొదళ్ళు తలకిందులుగా చేలో అక్కడక్కడ పాతితే చాలు, రాత్రి అది వచ్చి కూర్చుంటుంది. గింజ గట్టిపడే సమయానికి వాటిని పీకేయండి, లేదంటే పగలు పిచ్చుకలు, చిలకలు వాటి మీదే వాలతాయి.

జెర్రిపోతు సంగతీ అంతే. విషం లేని పాము, బొరియలోకి దూరి ఎలుకను పట్టే పాము. నాగుపాముతో జత కడుతుందని దాన్ని కొట్టి చంపుతారు. రెండు పాములు పెనవేసుకుని లేచి ఆడటం చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీయే. అలాగని బొరియలో చెయ్యి మాత్రం పెట్టకండి, అదే బొరియలో నాగుపామూ ఉండవచ్చు.

బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక మందకొడిగా పగలు కూడా బయట తిరుగుతుంది. గుడ్లగూబకు మొదట దొరికేది అదే, దాంతోపాటు విషమూ పోతుంది. మందు పెట్టిన మూడో రోజు నుంచి వారం పాటు రోజూ ఉదయాన్నే చేను చుట్టూ తిరిగి, చచ్చినవాటిని పారతో ఎత్తి మోకాలి లోతు గోతిలో పూడ్చేయండి. వాటిని గాని, ఎలుకల మూత్రం కలిసిన నీటిని గాని కాళ్ళకు చేతులకు పుండ్లతో ముట్టుకోకండి, దానివల్ల వచ్చే జ్వరం ప్రమాదకరం. ఆ తిరుగుడులోనే మూసిన కన్నాలు ఎన్ని మళ్ళీ తెరుచుకున్నాయో కూడా లెక్క చూసుకోవచ్చు. వారం తరవాత తెరుచుకున్న వాటిలో మాత్రమే రెండో పొట్లం పెట్టాలి.